పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: జర్మనీ కొండ ఊళ్లలో వేసవి కారు ప్రయాణం

ప్రశ్న: మేము రెండేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాము. ఈ జూన్ నెలలో మా అమ్మానాన్నలు మొదటిసారి మా దగ్గరకు వస్తున్నారు. నాన్నగారికి 69 ఏళ్లు, అమ్మకు 64 ఏళ్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నాకు తొమ్మిది రోజుల సెలవు దొరికింది. కారు అద్దెకు తీసుకొని క్వెడ్లిన్‌బుర్గ్, బెర్ఖ్‌టెస్‌గాడెన్, ఫ్యూసెన్, ట్రీబెర్గ్ ఊళ్లను ఒకే చుట్టులో చూపించి ఇంటికి చేరాలని, ఒక్కో ఊళ్లో రెండేసి రాత్రులు ఉండాలని పట్టిక వేశాను. ఈ ప్రణాళిక సరిగ్గా ఉందా? బసలు ముందే ఖాయం చేసుకోవాలా, అక్కడికి వెళ్లాక వెతుక్కోవచ్చా? - ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్

సమాధానం: మీరు ఎంచుకున్న నాలుగు ఊళ్లూ చూడదగ్గవే. అయితే అవి మూడు వేర్వేరు పర్వత శ్రేణులకు చెందినవి. క్వెడ్లిన్‌బుర్గ్ ఉత్తరాన హార్ట్స్ కొండల అంచున ఉంది. ట్రీబెర్గ్ నైరుతి మూలన బ్లాక్ ఫారెస్ట్ నడిబొడ్డున ఉంది. ఫ్యూసెన్, బెర్ఖ్‌టెస్‌గాడెన్ రెండూ దక్షిణాన ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉన్నా, వాటి మధ్య కూడా దాదాపు సగం రోజు ప్రయాణం పడుతుంది. క్వెడ్లిన్‌బుర్గ్ నుంచి బెర్ఖ్‌టెస్‌గాడెన్‌కు వెళ్లే రోజున మీరు 600 కిలోమీటర్లకు పైగా కారు నడపాలి. ఊళ్ల మధ్య దూరాలు మాత్రమే కలిపినా ఈ చుట్టు 1,700 కిలోమీటర్లు దాటుతుంది. ఆ దూరంలో ఎక్కువ భాగం ఆటోబాన్ అనే వేగ రహదారుల మీద, కొండలు కనిపించని చోట గడిచిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి నడకే కాక, మడిచిన కాళ్లతో గంటల తరబడి కారులో కూర్చోవడం కూడా బాధ కలిగిస్తుందన్న సంగతి మీ పట్టికలో ఎక్కడా కనిపించలేదు.

అందుచేత నాలుగింటిలో రెండింటిని వదిలేయమని నా సలహా. ట్రీబెర్గ్, ఫ్యూసెన్ ఉంచుకోండి. క్వెడ్లిన్‌బుర్గ్‌ను ఏదైనా వారాంతానికి, బెర్ఖ్‌టెస్‌గాడెన్‌ను మరో ఏటికి దాచుకోండి. మూడు రాత్రులు బ్లాక్ ఫారెస్ట్‌లోని గెంగెన్‌బాఖ్‌లోనూ, ఒక రాత్రి కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున లిండావ్‌లోనూ, నాలుగు రాత్రులు ఫ్యూసెన్‌లోనూ గడిపితే మొదటి రోజు, చివరి రోజు తప్ప మరే రోజూ 200 కిలోమీటర్లు మించి నడపవలసిన అవసరం రాదు. పెట్టెలు సర్దడం, విప్పడం కూడా మూడుసార్లతో సరిపోతుంది. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

గెంగెన్‌బాఖ్‌ను నేను ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. అది కింజిగ్ నది లోయలో, చదునైన నేల మీద ఉన్న పాత ఊరు. అమ్మగారు సాయంత్రం పూట ఎక్కువ ఎక్కుడు దిగుడు లేకుండా వీధుల్లో తిరగగలరు. చెక్క దూలాల చట్రాల మధ్య మట్టీ ఇటుకా నింపి కట్టిన పాత ఇళ్లు అక్కడ వరసలుగా నిలిచి ఉన్నాయి. పురపాలక భవనానికి ఉన్న 24 కిటికీలను డిసెంబరులో క్రిస్మస్ దాకా రోజుకొకటి చొప్పున తెరుస్తారు. వేసవిలో ఆ వేడుక ఉండదు గానీ, ఆ భవనం ముందు చౌకులో కూర్చోవడమే ఒక హాయి. ఇక అన్నింటికన్నా ముఖ్యమైన కారణం, ఆ ఊరి రైల్వే స్టేషన్.

ఆఫెన్‌బుర్గ్ నుంచి కాన్‌స్టాన్స్ దాకా కొండలను చుట్టుకుంటూ వెళ్లే బ్లాక్ ఫారెస్ట్ రైలు మార్గం 1873లో పూర్తయింది. రాబర్ట్ గెర్విగ్ అనే ఇంజనీరు హోర్న్‌బెర్గ్, సాంక్ట్ గేయోర్గెన్ ఊళ్ల మధ్య నిటారుగా ఉన్న ఎత్తును రైలు ఎక్కగలిగేలా పట్టాలను పెద్ద పెద్ద మెలికలుగా తిప్పి, సొరంగం వెంట సొరంగం తవ్వించాడు. ట్రీబెర్గ్ సరిగ్గా ఆ మెలికల మధ్యలో ఉంది. కనుక ట్రీబెర్గ్‌కు కారులో వెళ్లకండి. గెంగెన్‌బాఖ్‌లో కారు వదిలి రైలు ఎక్కండి. రోడ్డు మీద కళ్లు పెట్టవలసిన పని లేకుండా మీరు కూడా మీ అమ్మానాన్నలతో పాటు కిటికీలోంచి చూడవచ్చు. బ్లాక్ ఫారెస్ట్‌లోని చాలా ఊళ్లలో బస చేసే అతిథి రాత్రికి, మనిషికి ఇంత అని చిన్న పన్ను కడతాడు. దానికి బదులుగా కోనుస్ అనే కార్డు ఇస్తారు. దానితో ఆ ప్రాంతపు బస్సులు, స్థానిక రైళ్లు ఉచితం. మీరు తీసుకునే బసకు ఆ కార్డు వర్తిస్తుందో లేదో గది ఖాయం చేసేటప్పుడే అడగండి.

ట్రీబెర్గ్ జలపాతం మొత్తం 163 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దిగుతుంది. పైదాకా ఎక్కే బాట నిటారుగా ఉంటుంది కాబట్టి అమ్మగారు కింది అంచెను చూసి ఆగిపోవడం మంచిది. అక్కడికే నీటి తుంపర తగులుతుంది, చూడవలసినదంతా కనిపిస్తుంది. కోకిల గడియారాల అంగళ్లు ఆ ఊరి నిండా ఉన్నాయి. గడియారాల మీద నిజమైన ఆసక్తి ఉంటే మాత్రం దగ్గరలోనే ఉన్న ఫుర్ట్‌వాంగెన్‌లోని జర్మన్ గడియారాల మ్యూజియం చూడాలి. పైన చెప్పిన గెర్విగే ఆ ఊళ్లో 1850లో మొదలైన గడియారాల పాఠశాలకు తొలి అధిపతి; ఆయన సేకరించిన పాత గడియారాలతోనే ఆ మ్యూజియం మొదలైంది. చలికాలంలో మంచు కమ్ముకొని పొలం పని సాగని రోజుల్లో ఆ కొండ రైతులు చెక్కతో గడియారపు చక్రాలు కోసి బతికారని అక్కడ చూశాక, అంగళ్లలోని కోకిల వేరుగా వినిపిస్తుంది.

రెండో రోజును బీ 500 రోడ్డుకు ఇవ్వండి. బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయిడెన్‌ష్టాట్ దాకా దాదాపు 60 కిలోమీటర్ల మేర కొండల వెన్ను మీదుగా సాగే ఈ రోడ్డు నుంచి ఆకాశం తేటగా ఉన్నప్పుడు రైన్ మైదానం, దాని ఆవల ఫ్రాన్స్‌లోని వోజ్ కొండలు కనిపిస్తాయి. వారాంతాల్లో మోటారు సైకిళ్ల రద్దీ ఎక్కువ కాబట్టి మామూలు పనిదినాన వెళ్లండి. దారిలో 1,036 మీటర్ల ఎత్తున మమ్మెల్‌జే అనే చిన్న సరస్సు వస్తుంది. దాని చుట్టూ నడక సులువు. ఫ్రాయిడెన్‌ష్టాట్‌ను 1599లో వ్యూర్టెంబెర్గ్ ప్రభువు ఫ్రీడ్రిష్ ఒక పథకం ప్రకారం కొత్తగా కట్టించాడు. దాని చౌకు జర్మనీలో అన్నింటికన్నా పెద్దదని చెబుతారు. ఆ చౌకు మూలన ఉన్న చర్చిని రెండు రెక్కలు లంబకోణంలో కలిసేలా కట్టారు. ఆ రోజుల్లో పూజారి అందరికీ కనిపించేవాడు గానీ, ఒక రెక్కలో కూర్చున్న స్త్రీలకూ రెండో రెక్కలో కూర్చున్న పురుషులకూ ఒకరికొకరు కనిపించేవారు కాదు. తిరుగు దారిలో షిల్టాఖ్‌లో ఆగండి. ఒకప్పుడు ఈ కొండల దుంగలను తెప్పలుగా కట్టి కింజిగ్ నది మీదుగా రైన్ నదికి, అక్కడి నుంచి నెదర్లాండ్స్ దాకా తేల్చుకుపోయిన తెప్పల వాళ్ల ఊరది. అక్కడి చౌకు చాలా ఏటవాలుగా ఉంటుంది, కింద నుంచే చూడండి. ఓపిక మిగిలితే గుటాఖ్‌లో 1612 నాటి రైతు ఇంటి చుట్టూ ఏర్పరచిన ఆరుబయలు మ్యూజియం ఉంది. నాన్నగారికి వ్యవసాయంతో పరిచయం ఉంటే దాన్ని మాత్రం వదలకండి. మనుషులు, పశువులు, గడ్డివాము అన్నీ ఒకే పెద్ద కప్పు కింద ఉండే ఆ ఇంట్లో ఆయన మీకంటే ఎక్కువ సంగతులు గుర్తుపడతారు.

నాలుగో రోజు లిండావ్ చేరండి. పాత ఊరు సరస్సులోని ద్వీపం మీద ఉంటుంది. రేవు ముఖద్వారం దగ్గర ఒకవైపు బవేరియా సింహపు విగ్రహం, రెండోవైపు దీపస్తంభం నిలిచి ఉంటాయి. ఆవలి ఒడ్డున ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కొండలు కనిపిస్తాయి. బెర్ఖ్‌టెస్‌గాడెన్ వైపు దాదాపు 450 కిలోమీటర్లు సాగే జర్మన్ ఆల్ప్స్ రోడ్డు ఇక్కడే మొదలవుతుంది. మరునాడు ఆ రోడ్డు మీద ఫ్యూసెన్ వెళ్లవచ్చు గానీ, బాట్ హిండెలాంగ్ దాటాక ఓబర్‌యోఖ్‌కు ఎక్కే ఘాట్‌లో వందకు పైగా మలుపులు ఉన్నాయి. అమ్మగారికి కడుపులో తిప్పే అలవాటు ఉంటే ఆ దారి వదిలి కెంప్టెన్ మీదుగా వెళ్లడమే మేలు.

ఫ్యూసెన్ పగలు యాత్రికులతో కిక్కిరిసి ఉంటుంది. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక ఊరు ఊపిరి తీసుకుంటుంది. అక్కడే రాత్రులు గడపమనడంలో నా ఉద్దేశం అదే. నోయ్‌ష్వాన్‌ష్టైన్ కోటకు టికెట్ మీద ప్రవేశ సమయం ముద్రించి ఉంటుంది, వేసవిలో ముందే కొనుక్కోవాలి. కింది ఊరి నుంచి కోటకు అరగంటకు పైగా ఎక్కాలి. బస్సు గానీ గుర్రపు బండి గానీ ఎక్కినా చివర కొంత నడక తప్పదు, లోపల మూడు వందలకు పైగా మెట్లు ఉన్నాయి. కాబట్టి అమ్మగారిని లోపలికి తీసుకువెళ్లకండి. దానికి బదులు పక్కనే టేగెల్‌బెర్గ్ రోప్‌వేలో 1,700 మీటర్ల ఎత్తుకు వెళ్తే కోట, సరస్సులు, మైదానం అన్నీ ఒక్క చూపులో అందుతాయి. బవేరియా రాజు లూడ్విగ్ 1869లో మొదలుపెట్టిన ఆ కోట 1886లో ఆయన చనిపోయే నాటికి పూర్తి కాలేదు. ఆయన కట్టించిన ప్రాసాదాల్లో ఆయన బతికుండగా పూర్తయినది లిండర్‌హోఫ్ ఒక్కటే. అది చిన్నది, మెట్లు తక్కువ, చుట్టూ తోట ఉంది. నన్నడిగితే మీ ఇంటివారికి అదే నచ్చుతుంది.

లిండర్‌హోఫ్‌కు ఫ్యూసెన్ నుంచి అందమైన దారి ఆస్ట్రియాలోని రాయిటె ఊరు, ప్లాన్‌జే సరస్సు మీదుగా వెళ్తుంది. ఆస్ట్రియాలో వేగ రహదారులకు మాత్రమే విన్యెట్ అనే టోల్ స్టిక్కర్ కావాలి; ఈ చిన్న రోడ్డుకు అక్కర్లేదు. నావిగేషన్ మిమ్మల్ని వేగ రహదారి మీదికి మళ్లించకుండా చూసుకోండి. అద్దె కారును ఆస్ట్రియాలోకి తీసుకువెళ్లవచ్చా అని ఒప్పందంలో చదవండి. అమ్మానాన్నల షెంగెన్ వీసా అక్కడా చెల్లుతుంది గానీ, తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దులో తనిఖీ ఉండవచ్చు కనుక పాస్‌పోర్టులు బసలో వదిలి వెళ్లకండి. లిండర్‌హోఫ్ తర్వాత ఎట్టాల్ మఠం, ఆ పక్కనే ఓబర్‌అమ్మర్‌గావ్ వస్తాయి. 1633లో ప్లేగు వ్యాధి వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు మొక్కుకున్న మొక్కు ప్రకారం 1634 నుంచి క్రీస్తు చివరి రోజుల కథను ఊరంతా కలిసి నాటకంగా ఆడుతున్నారు. గతంలో 2022లో ఆడారు, మళ్లీ 2030లో ఆడతారు. నాటకం లేని ఏడు కూడా ఇళ్ల గోడల మీది పెద్ద పెద్ద రంగుల చిత్రాలు, కొయ్య బొమ్మలు చెక్కేవారి పనిశాలలు చూడవచ్చు. తిరుగు దారిలో పచ్చిక మధ్య ఒంటరిగా నిలిచిన వీస్ చర్చి వస్తుంది. బయటి నుంచి సాదాగా కనిపించే ఆ కట్టడం లోపలికి అడుగు పెట్టగానే మీ నాన్నగారు ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుంటే తొందరపెట్టకండి.

బసల విషయం: మూడు చోట్లా ముందే ఖాయం చేసుకోండి. హోటల్ కంటే ఫెరియెన్‌వోనుంగ్ అనే వంటగది ఉన్న అద్దె ఇల్లు మీకు అనువు. పెద్దవాళ్లకు అన్నం, చారు దొరుకుతాయి, మందులు వేళకు పడతాయి. వేసవిలో ఇలాంటి ఇళ్లను చాలామంది ఒకటి రెండు రాత్రులకు ఇవ్వరు. మీ పాత పట్టికకు అది కూడా అడ్డం వచ్చేది. పై అంతస్తుకు లిఫ్ట్ లేని పాత ఇళ్లు ఎక్కువ కాబట్టి కింది అంతస్తు కావాలని స్పష్టంగా రాయండి. తేదీల విషయానికి వస్తే, బవేరియా, బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో పెంతెకొస్తు పండుగ నాటి నుంచి రెండు వారాల దాకా బడులకు సెలవులు ఉంటాయి. అవి ముగిశాక వచ్చే రోజులు మీకు అనుకూలం. జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటాక కూడా వెలుతురు ఉంటుంది. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాల తర్వాత ఉరుములతో వాన రావడం మామూలు కాబట్టి రోప్‌వేలు, ఎత్తు ప్రదేశాలు పొద్దున్నే చూసెయ్యండి. పల్చటి ఉన్ని దుస్తులు జూన్‌లో కూడా కావాలి.

ప్రశ్న: నేను ఫిబ్రవరిలో ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరాను. మన దేశపు లైసెన్సు, అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం రెండూ ఉన్నాయి. సెప్టెంబరులో భార్యాబిడ్డలతో బ్లాక్ ఫారెస్ట్‌కు కారులో వెళ్లాలని ఉంది. అనుమతి పత్రం ఏడాది చెల్లుతుంది కదా, ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. కొండ దారుల్లో తెలుసుకోవలసిన నియమాలు చెప్పగలరు. - ఒక పాఠకుడు, ష్టుట్‌గార్ట్

సమాధానం: ఇబ్బంది ఉంది, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. అనుమతి పత్రం మీద ఏడాది గడువు ఉన్నా, జర్మనీలో నివాసం ఏర్పరచుకున్నవారికి భారత లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. మొత్తం నివాసం ఏడాది మించదని చూపగలిగినవారికి మాత్రమే దాన్ని పొడిగించే వీలుంది. మీరు ఫిబ్రవరిలో వచ్చారు కనుక ఆగస్టుతో గడువు తీరుతుంది. ఆ తర్వాత నడిపితే అది లైసెన్సు లేకుండా నడిపిన నేరమవుతుంది, ప్రమాదం జరిగితే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. ప్రయాణాన్ని జూన్, జూలై నెలలకు జరుపుకోండి. లేదా ఇప్పుడే జర్మన్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టండి. భారత లైసెన్సు ఉన్నవారు రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ ఇవ్వాలి, అందుకు నెలలు పడుతుంది.

నియమాల్లో మనవాళ్లు ఎక్కువగా తడబడేది కుడి చేతి దగ్గర. ఊళ్లోపల ఏ గుర్తూ లేని కూడలిలో మీ కుడి వైపు నుంచి వచ్చే బండికే మొదటి హక్కు. మీరు వెళ్తున్న వీధి వెడల్పుగా ఉన్నా, అవతలిది సందులా కనిపించినా అంతే. చిన్న ఊళ్లలో ఇలాంటి కూడళ్లు అడుగడుగునా వస్తాయి. ఊరి పేరు రాసిన పసుపు బోర్డు దాటగానే వేగం 50 కిలోమీటర్లకు దిగాలి. చాలా వీధుల్లో 30 మాత్రమే. ఊరి బయట 100 దాకా అనుమతి ఉన్నా, మలుపుల దారిలో అంత వేగం తగదు. సైకిలును దాటేటప్పుడు ఊళ్లో ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్లు ఎడం వదలాలని చట్టం ఉంది. అంత చోటు లేకపోతే దాని వెనకే ఓపికగా వెళ్లాలి. దిగుడు దారిలో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా గేరు తగ్గించి ఇంజను చేత బండిని ఆపుకోండి. వెనక స్థానికుల కార్లు పేరుకుపోతే కంగారు పడి వేగం పెంచవద్దు. వెడల్పు చోటు చూసి పక్కకు ఆగి దారివ్వండి. 12 ఏళ్లు నిండని, 150 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు తగిన సీటు తప్పనిసరి. చాలా ఊళ్లలో ఉచిత పార్కింగ్‌కు నీలం రంగు గడియారపు అట్టను అద్దం వెనక పెట్టాలి. మీరు వచ్చిన సమయం తర్వాత వచ్చే అరగంట గీతకు ముల్లు తిప్పాలి: 10.10కి ఆపితే 10.30కి.

ప్రశ్న: బెర్లిన్‌లో చదువుకుంటున్నాము. ముగ్గురు స్నేహితురాళ్లం మూడు రోజులకు హార్ట్స్ కొండలకు కారులో వెళ్తున్నాము. బ్రోకెన్ శిఖరం పైదాకా కారు వెళ్తుందా? - ఒక విద్యార్థిని

సమాధానం: వెళ్లదు. శిఖరానికి పోయే రోడ్డు సొంత వాహనాలకు మూసి ఉంటుంది. వెర్నిగెరోడె నుంచి ఆవిరి ఇంజను లాగే చిన్న రైలు 1,141 మీటర్ల శిఖరం దాకా వెళ్తుంది. షియెర్కె ఊరి దాకా కారులో వెళ్లి, అక్కడ రైలెక్కవచ్చు, నడిచీ ఎక్కవచ్చు. 1961 నుంచి 1989 దాకా ఆ శిఖరం తూర్పు జర్మనీ సైన్యం గుప్పిట్లో ఉండి మామూలు జనానికి నిషిద్ధంగా ఉండేది. బెర్లిన్ గోడ పడిన కొన్ని వారాలకు, డిసెంబరు 3న జనం నడుచుకుంటూ వెళ్లి ద్వారం తెరిపించుకున్నారు. పైన చాలా రోజులు పొగమంచు, గాలి ఉంటాయి కాబట్టి కింద ఎండ కాస్తున్నా జాకెట్ పట్టుకెళ్లండి. దారి పొడవునా బూడిద రంగులో ఎండి నిలిచిన స్ప్రూస్ చెట్లు చూసి బాధపడతారు. 2018 నుంచి వరసగా వచ్చిన కరువు, ఆ వెంటనే బెరడు పురుగు కలిసి ఆ అడవిని తినేశాయి. వాటి కింద కొత్త మొలకలు లేస్తున్నాయి, అవి కూడా చూడండి. రాత్రులు క్వెడ్లిన్‌బుర్గ్‌లో గడపండి. చెక్క చట్రాల ఇళ్లు అక్కడ 1,300కు పైగా ఉన్నాయి, 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మూడో రోజున గోస్లార్‌లో, వెయ్యేళ్లకు పైగా తవ్వి 1988లో మూసిన రామెల్స్‌బెర్గ్ గని లోపలికి దిగండి.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. కొండ ఊళ్లలో భోజనం దొరుకుతుందా? - ఒక పాఠకురాలు, మ్యూనిక్

సమాధానం: దొరుకుతుంది గానీ అడిగి తినాలి. ఛీజ్, వేయించిన ఉల్లిపాయలతో చేసే కేజెష్పెట్స్‌లె అనే పిండి వంట దక్షిణాన ఇంచుమించు ప్రతి హోటల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అందులో పంది మాంసపు ముక్కలు వేస్తారు. కూరగాయల సూపు, బంగాళాదుంప సలాడ్ కూడా మాంసపు రసంతో చేసి ఉండవచ్చు కాబట్టి మాంసం ఉందా అని మాత్రమే కాక, మాంసపు రసం ఉందా అని కూడా అడగండి. వారానికి ఒకటి రెండు రోజులు హోటళ్లకు సెలవు ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా చాలాచోట్ల వంటగది మూసేస్తారు, రాత్రి కూడా త్వరగానే కట్టేస్తారు. ఆదివారం దుకాణాలు తెరవరు. బేకరీలు పొద్దున కొన్ని గంటలు తెరిచి ఉంటాయి. అందుచేత శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు, కూరగాయలు కొనిపెట్టుకోండి. కొన్ని చిన్న హోటళ్లు కార్డు తీసుకోవు కాబట్టి చేతిలో కొన్ని యూరోల నగదు ఎప్పుడూ ఉంచుకోండి.